డిస్కు లేని ఆటలు

పోయిన సంక్రాంతికి బాటసింగారం వెళ్లినప్పుడు మా అమ్మ నన్ను అటకెక్కించింది. అక్కడ పేరుకుపోయిన నా సరుకంతా కిందికి దింపి, పనికొచ్చేది పట్టుకుపొమ్మనీ మిగతాది పాత సామాన్లాయనకి వేసెయ్యమనీ హుకుం. ఇంజనీరింగు పుస్తకాలు, దిల్‌సుఖ్‌నగర్ కోచింగు సెంటర్ల నోట్సు, రెండు డబ్బాల ఫ్లాపీలు (వాటిల్లో ఏముందో ఆ దేవుడికే తెలియాలి), చిట్టచివర్న ఓ చెప్పుల అట్టపెట్టె. తెరిస్తే మూడు సీడీఎంఏ ఫోన్లు, చిక్కుపడిపోయిన డేటా కేబులొకటి.

‘ఇంకెన్నేండ్లు దాస్తవ్‌రా ఈ డబ్బా ఫోన్లు? ప్లాస్టిక్ సామాన్లాయన మంగళారం మంగళారం వస్తడు. ఇస్తే ఒక టబ్బన్నా వస్తది’ అంది అమ్మ.

టబ్బుకి నేనొప్పుకోలేదు. ఆ మూడింట్లో ఒకదాన్లో నేను రాసిన వైకుంఠపాళి ఉండాలి. నాకు తెలిసి అది ఇంకెక్కడా లేదు.

ఫ్లాష్‌బ్యాకు కొంచెం అవసరం. 2005 నుంచి ఓ రెండేళ్లు అమీర్‌పేటలో ఓ చిన్న కంపెనీలో సెల్‌ఫోను గేములు రాసేవాణ్ణి. పేరెందుకులెండి, ఆ కంపెనీ ఎప్పుడో మూతబడింది. పదిమందిమి ఉండేవాళ్లం. రాయడం అని గొప్పకి అంటున్నా గానీ చేసిందెక్కువ పోర్టింగే. ఎవరో రాసిన ఆటని ఈ ఫోను తెరకీ ఆ ఫోను మీటలకీ సరిపోయేలా కత్తిరించి కుట్టే టైలరు పని. ఒక ఫోనుకి 128 బై 128 తెర, ఇంకోదానికి 128 బై 160. ఒకదాన్లో శబ్దం వస్తే రెండోదాన్లో ఫోనే ఆగిపోయేది. ఆ పన్ల మధ్య తీరిక దొరికినప్పుడు సొంతంగా చేసుకున్నది వైకుంఠపాళి. పాముల పేర్లు, నిచ్చెనల పేర్లు అన్నీ తెలుగులో. ఫోనులో తెలుగు ఫాంటు లేదు కాబట్టి ప్రతి పేరునీ బొమ్మగా గీసి పెట్టాను. అరుకాషుడి దగ్గర పాము మింగినప్పుడల్లా మా టెస్టరమ్మాయి ఒక బూతుమాట అనేది. ఆటకి అంతకన్నా మంచి రివ్యూ రాలేదు.

కంపెనీ మూసేసినప్పుడు సర్వరు డిస్కులు తుడిచేసి, కంప్యూటర్లు టోకున అమ్మేశారు. సోర్సు కోడు నా దగ్గర లేదు. ఒప్పందం ప్రకారం ఉండకూడదు కూడా. అప్పట్లో నిజాయితీపరుణ్ణి, ఏం చేస్తాం.

ఆ రోజుల్లో ఫోను ఆటలు ఎలా అమ్మేవారో ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మరు. ప్లే స్టోరుల్లాంటివి లేవు. దుకాణం ఆపరేటరుదే. రిలయన్సు వాళ్లది ఆర్-వరల్డు, అందులో జావా ఆటలు. టాటా ఇండికాం వాళ్లది బ్రూ. బ్రూ అంటే కాఫీ కాదు, క్వాల్‌కామ్ కంపెనీ 2001లో తెచ్చిన ఓ వేదిక. ఫోను లోపలి చిప్పు భాషలోకే నేరుగా కంపైలైన ప్రోగ్రాములు దాని మీద నడుస్తాయి. ఒక్కో ఆటకీ ప్రధానంగా మూడు ఫైళ్లు: అసలు ప్రోగ్రాము .మాడ్, దాని పేరూ బొమ్మా గట్రా ఉండే .మిఫ్, ‘వీడు మనవాడే, నడవనివ్వొచ్చు’ అని చెప్పే సంతకం .సిగ్. సంతకం సరిపోకపోతే ఫోను ఆటని గడప దాటనివ్వదు. ఆట గాల్లోంచి దిగుతుంది, డబ్బులు బిల్లులో పడతాయి. సీడీ లేదు, క్యాసెట్టు లేదు, చేత్తో పట్టుకోడానికి ఏమీ లేదు. పైగా కొన్ని ఆటలు పూర్తిగా మీవి కూడా కావు. నెలకింత, లేదా ఇన్నిసార్లు ఆడుకో అని లైసెన్సు.

సరే, చెప్పుల పెట్టెకి వద్దాం. రెండు ఫోన్ల బ్యాటరీలు ఉబ్బి బూరెలయ్యాయి. వాటిని పక్కనపెట్టి, టేబులు మీది పవరు సప్లయి నుంచి రెండు తీగలు లాగి ఫోను కాంటాక్టులకి పట్టిస్తే మూడోది వెలిగింది. వెలగ్గానే చూపించిన తేదీ: 1980 జనవరి 6.

చెడిపోయిందనుకోకండి. సీడీఎంఏ ఫోనుకి సొంత గడియారం మీద పెద్ద నమ్మకం ఉండదు. టైమెంతో టవరు చెప్పాలి. టవరు చెప్పకపోతే తన లెక్క మొదలైన రోజునే నిలబడిపోతుంది. ఆ లెక్క జీపీఎస్ కాలమానం నుంచి వచ్చింది, దాని మొదటి రోజు 1980 జనవరి 6. ఇప్పుడిక చెప్పడానికి టవర్లేవీ? 2017 డిసెంబరు 1 నుంచి రిలయన్స్ కమ్యూనికేషన్స్ వాయిస్ సేవలు ఆగిపోయాయి. టాటా మొబైలు వ్యాపారం 2019 జూలై 1న ఎయిర్‌టెల్లో కలిసిపోయింది. సీడీఎంఏ కథ కంచికెళ్లింది. ఆ ఫోను మాత్రం బాటసింగారంలో మా డైనింగు టేబులు మీద కూర్చుని, ఎవరైనా టైము చెప్తారేమోనని 1980 నుంచి ఎదురుచూస్తోంది.

మెనూలో నా ఆట బొమ్మ కనబడింది. పాము, పక్కన నిచ్చెన. గుండె ఒకసారి గుబుక్కుమంది. నొక్కాను. లైసెన్సు గడువు సరిచూడాలి, నెట్‌వర్కుకి కనెక్టు అవ్వమంది. ఏ నెట్‌వర్కుకి తల్లీ?

నేనే రాసిన ఆట, నా ఫోనులోనే ఉంది, కరెంటూ ఉంది. కానీ ఆడటానికి లేదు.

ఇక్కడ బ్రెజిల్ సంగతి చెప్పాలి. మన వైకుంఠపాళికీ బ్రెజిల్‌కీ ఏంటి సంబంధమంటే, జీబో.

జీబో పేరు మీలో చాలామంది విని ఉండరు. టీవీకి తగిలించుకుని ఆడుకునే గేము కన్సోలు. క్వాల్‌కామ్, బ్రెజిల్‌లో సెగా ఆటలు అమ్మి పేరు తెచ్చుకున్న టెక్‌టాయ్ కలిసి తెచ్చాయి. 2009 జూన్‌లో బ్రెజిల్‌లో, అదే ఏడాది నవంబరులో మెక్సికోలో అమ్మకాలు మొదలయ్యాయి. బ్రెజిల్ ధర 499 రియాళ్లు. ఆ తర్వాత వరసలో ఇండియా, చైనాల పేర్లు చెప్పారు. ప్లేస్టేషను కొనలేని దేశాలకి మేం కన్సోలు ఇస్తామన్నది వాళ్ల నినాదం.

లోపల ఏముందో తెలుసా? సెల్‌ఫోను. ఉత్ప్రేక్ష కాదు, నిజంగానే. 528 మెగాహెర్ట్జుల ఎంఎస్ఎం 7201ఏ చిప్పు, 2008లో వచ్చిన మొట్టమొదటి ఆండ్రాయిడ్ ఫోను హెచ్‌టీసీ డ్రీమ్‌లో ఉన్నదే. ఆటలు దాచుకోడానికి 1 జీబీ ఫ్లాష్ మెమరీ. 3జీ మోడెం. పైన నడిచేది సాక్షాత్తూ మన బ్రూ. అమీర్‌పేటలో మేం కుస్తీ పట్టిన .మాడ్, .మిఫ్ ఫైళ్ల తమ్ముళ్లే దాన్లోనూ ఉన్నాయి. డిస్కు డ్రైవు లేదు, క్యాట్రిడ్జి లేదు. ఆట కావాలంటే జెడ్-క్రెడిట్లు కొనుక్కోవాలి, ఆట గాల్లోంచి దిగుతుంది. ఆ 3జీకి కొన్నవాళ్లు నెలనెలా కట్టక్కర్లేదు, ఖర్చు కంపెనీదే.

డిస్కు ఎందుకు వద్దన్నారంటే పైరసీ భయం. బ్రెజిల్‌లో పన్నుల దెబ్బకి అసలు సరుకు ఆకాశంలో, దొంగ డిస్కులు ఫుట్‌పాత్ మీద. మనకి తెలియని కథేం కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు తెలిసిన ఓ గల్లీ దుకాణంలో చిప్పు వేయించిన పీఎస్2లకి యాభై రూపాయల డిస్కులు దొరికేవి, గీతలు పడితే ‘వాపస్ తెండి సార్’ అనే గ్యారంటీతో సహా. చేతికి వస్తువు దొరక్కుండా చేస్తే కాపీ ఎలా కొడతారో చూద్దాం అనుకున్నారు జీబో వాళ్లు. కాపీ కొట్టలేకపోయారు, నిజమే. కొనడమూ లేకపోయింది. అదే డబ్బుకి ఇంకాస్త కలిపితే పాత పీఎస్2 వస్తుంటే, సెల్‌ఫోను స్థాయి ఆటలు టీవీలో ఎవరు ఆడతారు? 2011 సెప్టెంబరు 30తో బ్రెజిల్‌లో నెట్‌వర్కు కట్టేశారు. ఇండియాలో దుకాణాలకి రానేలేదు.

మొత్తమ్మీద దానికొచ్చినవి అరవై ఆటల్లోపే. క్వేకు, ఫిఫా 09 లాంటివి వేరే యంత్రాల మీద దొరుకుతాయి కాబట్టి బెంగలేదు. కానీ డబుల్ డ్రాగన్‌ని జీబో కోసమని ప్రత్యేకంగా మళ్లీ తయారుచేశారు. బ్రెజిల్‌లోని జీబో సొంత స్టూడియో చేసిన ఆటలున్నాయి. అవి మరెక్కడా లేవు. నెట్‌వర్కు ఆగిన రోజున అవి ఎక్కడెక్కడున్నాయంటే, జనం ఇళ్లల్లో, ఆ పెట్టెల్లోని ఫ్లాష్ చిప్పుల్లో. అంతే. ఒక్కో పెట్టెలో ఆ యజమాని కొనుక్కున్న ఆటలే ఉంటాయి. పెట్టె పాడైతే మళ్లీ దించుకునే దారి లేదు. ఫ్లాష్ మెమరీ కూడా శాసనం కాదు, ఏళ్లు గడిచేకొద్దీ అందులోని విద్యుదావేశం మెల్లగా కారిపోతుంటుంది.

అయినా ఇవాళ జీబో ఆటలు ఆడుకోవచ్చు. మీ మామూలు కంప్యూటరు మీదే. క్వాల్‌కామో టెక్‌టాయో పుణ్యం కట్టుకుని విడుదల చేయలేదు. బ్రెజిల్‌లో కొందరు ఔత్సాహికులు పెట్టెలు విప్పి, చిప్పులో ఉన్నదంతా బయటికి లాగే దారి కనిపెట్టారు. ఎవరి పెట్టెలో ఏ ఆట ఉందో అడిగి, వెతికి, పోగుచేశారు. తర్వాత ఇన్‌ఫ్యూజ్ అనే ఎమ్యులేటరు వచ్చింది. ఇది పెట్టెలోని ప్రతి తీగనీ అనుకరించదు. ఆట ‘తెర మీద ఈ బొమ్మ గియ్యి’ అని బ్రూని అడిగితే, ఆ అడిగినదాన్ని మధ్యలో పట్టుకుని, బ్రూ చెయ్యాల్సిన పని తను చేసిపెడుతుంది. సాఫ్టువేరు వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, ఇది మాటల్లో చెప్పినంత తేలిక కాదు. బ్రూలో ఇలాంటి కోరికలు వందలకొద్దీ ఉంటాయి. ఒక్కోటీ అసలు యంత్రం ఎలా ప్రవర్తించేదో తెలుసుకుని మళ్లీ రాయాలి. డాక్యుమెంటులో ఒకటుంటే ఫోను చేసేది ఇంకొకటి. ఆ బాధ నేను పడ్డాను కాబట్టి వాళ్లకి సాష్టాంగం.

నా ఫోను విషయంలో వాళ్ల బాటే పట్టాను. ఆట ఆడనివ్వకపోతే పోనీ, ఫైళ్లన్నా ఇవ్వవా అని డేటా కేబులు తగిలించాను. బిట్‌పిమ్ అని ఒక పాత ఓపెన్‌సోర్సు ప్రోగ్రాము ఉంది. సీడీఎంఏ ఫోన్లలోని ఫోను నంబర్లు కంప్యూటరులోకి తెచ్చుకోడానికి రాసింది, కానీ కొన్ని ఫోన్లలో లోపలి ఫైళ్లు కూడా చూపిస్తుంది. దాని కోసం పాత విండోస్ ఎక్స్‌పీ ఉన్న ల్యాప్‌టాప్ వెతికి, కేబులు డ్రైవరు వెతికి... ఆదివారం మొత్తం అదే సరిపోయింది. రాత్రి పదకొండుకి ‘బ్రూ’ అనే ఫోల్డరు తెరుచుకుంది. అందులో నా .మాడ్ ఫైలు. వంద కేబీ కూడా లేదు. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే శుభోదయం గులాబీ బొమ్మ దానికన్నా పెద్దది.

ఫైలు దొరికింది కాబట్టి ఆట బతికినట్టేనా? కాదు. మేం అప్పట్లో వాడిన క్వాల్‌కామ్ సిమ్యులేటరు ఉంది గానీ, అది విండోస్ కోసం విడిగా కంపైలు చేసిన డీఎల్ఎల్‌లనే నడుపుతుంది. ఫోను చిప్పు కోసం కంపైలైన .మాడ్‌ని ముట్టుకోదు. సోర్సు ఉంటే ఐదు నిమిషాల పని, సోర్సు లేదు. అంటే నా తెలుగు పాములు మళ్లీ కదలాలంటే దిక్కు ఆ జీబో బాపతు పనే: చిప్పు ఆదేశాలు చదువుతూ బ్రూ పాత్ర తను పోషించే ఎమ్యులేటరు. మన టాటా ఇండికాం ఫోన్లలో ఇరుక్కున్న ఆటలకి తాళంచెవి బ్రెజిల్‌లో తయారైంది. జీబోలో ఉన్నది బ్రూ కొత్త వెర్షను, నాది పాతది. తేడాలున్న చోట నేనే రాసుకుంటున్నాను. ఇప్పటికి మొదటి తెర వచ్చింది. పాచిక వేస్తే మాత్రం కూలబడుతోంది.

ఇందాక డిస్కుల గురించి తేలిగ్గా మాట్లాడాను గానీ వాటి విలువ ఇప్పుడు తెలుస్తోంది. అదే 2009లో మన హైదరాబాదు నుంచి పీఎస్2 ఆటలొచ్చాయి, గుర్తుందా? ఆరోనా టెక్నాలజీస్ వాళ్ల ‘హనుమాన్: బాయ్ వారియర్’, గేమ్‌శాస్త్ర వాళ్ల ‘దేశీ అడ్డా’. ఒకదాన్లో హనుమంతుడు, రెండోదాన్లో కబడ్డీ, గిల్లీదండా. హనుమంతుణ్ణి బటన్లతో ఆడించడమేమిటని అమెరికాలో ఒకాయన అభ్యంతరం కూడా చెప్పాడు. ఆటలు గొప్పవేం కాదు, నేనాడాను. కానీ అవి పోలేదు, డిస్కు మీద వచ్చాయి కాబట్టి. ఎవరింట్లోనో అల్మారాలో ఒక డిస్కు ఉంటుంది, పీఎస్2 ఎమ్యులేటరు ఉంది, పదేళ్ల తర్వాత ఇంకెవడో ఆడుకుంటాడు. అదే ఊళ్లో, అంతకుముందు నాలుగేళ్లలో మాలాంటి చిన్నాచితకా కంపెనీలు చేసిన ఫోను ఆటలకి ఆ అదృష్టం లేదు. దుకాణం కట్టేశారు, సర్వరు తుడిచేశారు, ఫోన్లు టబ్బులయ్యాయి.

మన సినిమావాళ్లని చూసైనా నేర్చుకోవాల్సింది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. ఇవాళ ఒక్క ప్రింటు లేదు. పుణేలో ఫిల్మ్ ఆర్కైవు పెట్టింది 1964లో, అప్పటికి ముప్పై రెండేళ్లు గడిచిపోయాయి. బ్రూ ఆటలకి ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటాయి. ఆర్కైవు ఊసే లేదు.

పోనీ ఏదన్నా లైబ్రరీకి ఇద్దామంటే చట్టమేమంటోందో చూద్దామని కాపీరైటు చట్టం తెరిచాను. 1957 నాటిది, 2012లో పెద్ద సవరణ జరిగింది. సెక్షను 52లో లైబ్రరీలకో వెసులుబాటు ఇచ్చారు: లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం ఒక రచనని భద్రపరచడం కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చు. భేష్ అనుకుని పూర్తిగా చదివితే చివర్లో ఉంది మెలిక. ఆ లైబ్రరీ దగ్గర ఆ రచన డిజిటల్ కాని ప్రతి ముందే ఉండాలట! పుస్తకాలని దృష్టిలో పెట్టుకుని రాశారు, అర్థమవుతూనే ఉంది. కానీ పుట్టుకతోనే గాల్లోంచి దిగిన ఆటకి డిజిటల్ కాని ప్రతి ఎక్కణ్ణుంచి తేవాలి? .మాడ్ ఫైలుని ప్రింటు తీసి బైండు చేయించనా?

అదే సెక్షను ప్రకారం ప్రోగ్రాము కొన్నవాడు తన వాడకం కోసం బ్యాకప్ కాపీ తీసుకోవచ్చు. అదీ పోకుండా ఉండటానికి తాత్కాలిక రక్షణగా మాత్రమే. అంటే నా మరదలు అప్పుడు బిల్లులో డబ్బు కట్టి దించుకుంది కాబట్టి తను ఒక కాపీ దాచుకోవచ్చు, తాత్కాలికంగా. లైబ్రరీ దాచుకోకూడదు, శాశ్వతంగా. 1954 నాటి ఇంకో చట్టం ఉంది, అచ్చయిన ప్రతి పుస్తకం కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ ఇంకో మూడింటికీ పంపాలని. ప్రోగ్రాములు దాని పరిధిలో లేవు. కాపీరైటు గడువు ఎప్పుడు తీరుతుందయ్యా అంటే, మన చట్టం కంప్యూటరు ప్రోగ్రాముని సాహిత్యం కింద లెక్కేస్తుంది కాబట్టి రచయిత పోయిన అరవై ఏళ్లకి. హక్కు మూతబడ్డ కంపెనీది, గడువు లెక్క నా ఆయుష్షుది. వైకుంఠపాళికి ఇంతకన్నా పెద్ద పాము నేను గీయలేదు.

అమెరికాలోనూ ఇదే పాట. 2023లో అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వాళ్లు లెక్క తీశారు, 2010కి ముందు అక్కడ విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు బజారులో కొనడానికి దొరకవని. లైబ్రరీలు పాత ఆటల్ని పరిశోధకులకి దూరం నుంచి చూపించుకోడానికి అనుమతి అడిగితే 2024 అక్టోబరులో అక్కడి కాపీరైటు ఆఫీసు కాదంది. ఆ మాటకొస్తే వాళ్లకి అడిగే సంస్థన్నా ఉంది.

మొన్న మా ఊరి పండ్ల మార్కెట్టు పక్కనుంచి వస్తూ ఇదే ఆలోచిస్తున్నా. గడ్డిఅన్నారం మార్కెట్టుని ఆసుపత్రి కోసమని ఖాళీ చేయించి 2021-22లో బాటసింగారం తరలించారు. కమీషను ఏజెంట్లు ఊరుకోలేదు, హైకోర్టుదాకా వెళ్లారు. ఎల్బీనగర్ దాటి అంత దూరం ఎవరొస్తారన్నారు. చివరికి వచ్చారు, కాటాలూ లారీలూ అరుపులతో సహా. ఇప్పుడు మామిడి కాయల సీజనులో విజయవాడ హైవే మీద మా ఇంటికి పోవాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. ఆపరేటరు దుకాణం కట్టేసిన రోజున అందులోని ఆటల తరఫున ఒక్కడూ ఏ కోర్టుకీ వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు. అసలు ఆ రోజు ఏ రోజో కూడా నేను గమనించలేదు.

ఆ తర్వాతి మంగళవారం సెలవు పెట్టి మరీ ప్లాస్టిక్ సామాన్లాయన కోసం కాచుకున్నాను. పాత ఫోన్లేమైనా వస్తాయా అనడిగితే, ‘మస్తు వస్తయ్ సార్. బ్యాటరీ తీసేసి, బోర్డు వేరే, డొక్కు వేరే చేసి కిలో లెక్కన వేస్తం’ అన్నాడు. సీడీఎంఏవి ఎలా గుర్తుపట్టాలో చూపించా: సిమ్ము పెట్టే అర ఉండదు, లేదా వెనకాల ఆపరేటరు పేరు ఉంటుంది. విప్పకుండా నాకిస్తే కిలో రేటుకి రెట్టింపిస్తానని చెప్పి నంబరిచ్చాను. అమ్మ తలకొట్టుకుంది.

ఇప్పటికి నాలుగు తెచ్చాడు. రెండు పూర్తిగా పోయాయి, ఒకటి తాళం వేసిన ఇల్లులా ఫైళ్లేవీ చూపించదు. నాలుగోదాన్లో ఒక క్రికెట్ ఆట ఉంది. ఎవరు రాశారో .మిఫ్‌లో పేరు లేదు. బొమ్మలు చూస్తే మాత్రం మనవాళ్ల పనే అనిపిస్తోంది, సైటు స్క్రీను మీద బ్యాంకు ప్రకటనకి బదులు ‘ఉప్పల్’ అని రాసుంది.